కుక్క దొడ్డి గడియ
('గోగు చేను' నవల, పదకొండో భాగం)

పోయిన వారం మనం వెండెల్ స్ట్రిక్లిన్ ఇంటి ముందు ఆగిపోయాం. ఆదివారం, చర్చి వదిలిన వేళ. షెరీఫ్ దగ్గర పనిచేసే డెప్యూటీ డెల్టన్ ప్రూయిట్ తన ట్రక్కు దిగి, రేకు కాగితం చుట్టిన పళ్ళెం ఒకటి రెండు చేతులా పట్టుకుని, ముందుకి రావాలో వెనక్కి పోవాలో తేలక నిలబడ్డాడు. వరండా మెట్ల మీద కూర్చున్న నెడ్రా అతన్ని చూసి లేచింది.

మధ్యలో వచ్చి కలిసినవాళ్ళ కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను. చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, జరిగింది మా కౌంటీలోనే గనక. నెడ్రా తండ్రి వెండెల్ ఇంటి వెనక చెలకలో జింకల కోసం గోగు చల్లాడు. అలబామాలో మా దక్షిణం వైపు వేటగాళ్ళు చాలామంది చల్లుతారు. లేత గోగాకంటే జింకలు పడి చస్తాయి. సెప్టెంబరులో హెలికాప్టరెక్కి తిరుగుతున్న షెరీఫ్ మనుషులకి ఆ వేళ్ళు విప్పినట్టుండే ఆకులు గంజాయిలా కనిపించాయి. కిందికి దిగి ఒక్క పువ్వు చూసినా తెలిసేది, ఒక్క ఆకు నమిలినా పుల్లగా తగిలేది. అంత ఓపిక ఎవరికుంది? మర్నాడు తెల్లవారుజామున ముసుగులూ హెల్మెట్లూ పెట్టుకుని తలుపు బద్దలు కొట్టుకుని వచ్చి వెండెల్‌ని పట్టుకుపోయారు. మధ్యాహ్నానికల్లా అది గోగేనని తేలిపోయింది, సాయంత్రానికి ముసలాయన్ని వదిలిపెట్టారు. ఈలోగా, దెబ్బ తిన్న జింకల్ని వాసన పట్టి వెతికే ఆయన కుక్క హ్యాటీని కాల్చేశారు. విడిగా తిరుగుతున్న కుక్క మీదికి దూకిందనీ, కాల్చక తప్పలేదనీ షెరీఫ్ టీవీలో చెప్పాడు. 

ఇక కథలోకి వద్దాం.

"ఏంటది?" అంది నెడ్రా.

"కేకు. వెన్న కేకు. మా ఆవిడ చేసింది."

"దేనికి?"

 దేనికో ఇద్దరికీ తెలుసు. మా వైపు ఒక ఇంట్లో మనిషి పోతే ఇరుగుపొరుగు వాళ్ళు గిన్నెలు పట్టుకుని వస్తారు. గిన్నె అడుగున పేరు రాసిన టేపు ముక్క అంటించి మరీ తెస్తారు, తర్వాత ఎవరిది వాళ్ళకి చేరాలని. నెడ్రా తల్లి పోయినప్పుడు ఆ గిన్నెలకి ఫ్రిజ్ చాల్లేదు, పక్కింటివాళ్ళ ఫ్రిజ్‌లో కూడా పెట్టారు. హ్యాటీ పోయినప్పుడు ఒక్కరూ రాలేదు. కుక్క చస్తే గిన్నె పట్టుకెళ్ళొచ్చా, నవ్వుతారా అని కొందరు ఆగారు. షెరీఫ్‌తో మనకెందుకొచ్చిన గొడవ అని మిగతావాళ్ళు ఆగారు. ఇన్నాళ్ళకి ఆ గడపకి వచ్చిన మొదటి పళ్ళెం ఇదే. 

"ఆ రోజు వచ్చినవాళ్ళలో నువ్వూ ఉన్నావటగా?" అంది నెడ్రా.

"ఉన్నాను."

"ముసుగులేసుకుంటే ఊళ్ళోవాళ్ళకి తెలీదనుకున్నారు కాబోలు. నీ నడక చూసి నాన్న గుర్తుపట్టాడు. నువ్వూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం డెల్టన్. కనీసం ఆ రోజు సాయంత్రమైనా ఒక్క ఫోన్ కొట్టలేకపోయావా?"

"నెడ్రా, కాల్చింది నేనే."

 నెడ్రా హాస్పిటల్లో రాత్రి డ్యూటీ చేస్తుంది. ఆ పొద్దున డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి తలుపు లేదు, తండ్రి లేడు, పెరట్లో కుక్క పడి ఉంది. కాల్చినవాడు ఎవడో ఎంత అడిగినా షెరీఫ్ ఆఫీసులో చెప్పలేదు. వాడు దొరికితే అడగాలని మనసులో దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఎదురుగా నిలబడితే ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చింది ఇదొక్కటే:

"చంపిందీ నువ్వే, చావుకూడు తెచ్చిందీ నువ్వే. బావుంది వరస."

ఆమె మెట్లు దిగి, అతని చేతిలోంచి పళ్ళెం లాక్కుని, తీసుకెళ్ళి అతని ట్రక్కు బానెట్ మీదే పెట్టింది.

"తీసుకుపో. లోపల ఆయన నిద్రపోతున్నాడు. నీ ముఖం చూస్తే ఉన్న కాస్త ప్రాణం కూడా ఉసూరుమంటుంది."

"పోతాను. ఒక్క ముక్క చెప్పి పోతాను. గడియ సంగతి."

"ఏ గడియ?"

"కుక్క దొడ్డి గడియ. మొన్న దాణా కొట్లో విన్నాను. వెండెల్ గారు తనే గడియ వెయ్యడం మర్చిపోయానని, తన మతి పోతోందని అందరితో అంటున్నారటగా. అది విన్నప్పట్నుంచీ నాకు తిండి సయించట్లేదు."

నెడ్రా చప్పున ఇంటివైపు చూసింది. తలుపుండాల్సిన చోట ఇంకా చెక్క పలకే కొట్టి ఉంది, పక్క కిటికీ తెరిచే ఉంది.

ఆ గడియ గురించి ఆమె తండ్రిని ఏమందో నేను చెప్పాలి, లేకపోతే ఆమె ఇంటివైపు ఎందుకలా చూసిందో మీకు తెలియదు. హ్యాటీని పాతిపెట్టిన రోజు, పార ఇంకా చేతిలో ఉండగానే అంది: "దొడ్డి గడియ వేసుంటే బతికేది కదా నాన్నా. విడిగా ఎందుకొదిలావ్?" షెరీఫ్ టీవీలో విడిగా తిరుగుతోందన్నాడు మరి. వెండెల్, "వేసినట్టే గుర్తమ్మా," అన్నాడు. ఆమె, "మొన్న పొయ్యి కూడా ఆర్పినట్టే గుర్తన్నావ్," అంది. అంతే.  

హాస్పిటల్లో రోజూ మతిమరుపు ముసలివాళ్ళని చూసే మనిషి గనక నెడ్రా తండ్రిలోనూ అదే చూసింది. ట్రక్కు తాళాలు తీసేసుకుంది. మతిమరుపు డాక్టరు దగ్గర రోజు ఖాయం చేసింది. అన్నిటికంటే అన్యాయమేమిటంటే, ఆయన ఆమె మాట నమ్మేశాడు. పొయ్యి వెలిగించడం మానేశాడు. ఎవరో మంచి జాతి కుక్కపిల్లని తెచ్చిస్తానంటే, "గడియ మర్చిపోయేవాడికి కుక్కెందుకు," అన్నాడు. జింకల వేట మొదలై రోజూ సంగతి తెలియని పై ఊరి వేటగాడు ఎవడో ఒకడు ఫోన్ చేస్తున్నాడు, దెబ్బ తిన్న జింక చిత్తడి అడవిలో పడి కనిపించట్లేదు, హ్యాటీని పట్టుకొస్తారా అని. ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

"చెప్పు," అంది నెడ్రా. 

"గడియ వేసే ఉంది. గడియ జారకుండా పెట్టే పిన్ను కూడా దిగ్గొట్టి ఉంది. మా వాడొకడు దొడ్డి లోపల కూడా చూడాలని అది లాగాడు. ఒక చేత్తో రాకపోతే తుపాకీ భుజానికి తగిలించుకుని రెండు చేతులా లాగాడు. నేను పది గజాల్లో ఉన్నాను, కళ్ళారా చూశాను."

"మరి టీవీలో..."

"అబద్ధం. ఆ అబద్ధం మొదట చెప్పింది నేనే. విడిగా ఉందని నేనే అన్నాను. వాడు కొత్తగా చేరాడు, వాడి ఉద్యోగం పోతుందన్నారు. నాది కూడా పోతుందనుకున్నాలే. నా ఒక్కడి కోసం కాదని చెప్పుకోవడానికి వాణ్ణి అడ్డం పెట్టుకున్నాను."

"గట్టిగా చెప్పవయ్యా డెల్టన్," అంది కిటికీలోంచి ఒక గొంతు. "నాకు ఎడం చెవి పనిచెయ్యదు."

వెండెల్ పక్క తలుపులోంచి వరండాలోకి వచ్చాడు. కాలికి మేజోళ్ళే ఉన్నాయి. ఊగుడు కుర్చీలో కూర్చుని ఎదురుగా ఉన్న బల్ల చూపించాడు.

"కూర్చో. నువ్వలా నించుంటే పైకి చూడలేక నా మెడ పడిపోతుంది."

"నించుంటానండి."

"కూర్చోమన్నానా?"

డెల్టన్ కూర్చున్నాడు. తెల్ల చొక్కా, టై, ఆరడుగుల మనిషి, చిన్నపిల్లాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను గడియ వేశానా?" అన్నాడు వెండెల్.

"వేశారండి."

"పిన్ను?"

"పిన్ను కూడా."

వెండెల్ కూతురివైపు చూడలేదు. చూసి ఉంటే ఆమె తట్టుకోలేకపోయేది. ఆయన చెలక వైపే చూశాడు, అక్కడ పోలీసులు పీకి పారేసిన గోగు కట్టలు ఎండిపోయి ఉన్నాయి. 

"మొదట్నుంచీ చెప్పు," అన్నాడు.

"ఎక్కడికి పోయినా మాలో ఒకణ్ణి కుక్క పనికి పెడతారండి. ఇంట్లో కుక్కుంటే దాని సంగతి వాడు చూసుకోవాలి. మీ ఇల్లని చెప్పగానే ఆ పని నేనే అడిగి తీసుకున్నాను. హ్యాటీ నన్నెరుగును, నేను పిలిస్తే వచ్చి కూర్చుంటుంది, ఎవరికీ దెబ్బ తగలదు అనుకున్నాను. ఒట్టండి. దాన్ని కాపాడదామనే తీసుకున్నాను."

"ఆ తర్వాత?"

"ముందు తలుపు దగ్గర చప్పుడు బాంబు వేశారు. చెవులు గింగురుమంటున్నాయి. పొగ. హెల్మెట్లో పక్కకి ఏమీ కనపడదు. దొడ్డి తీసిన చప్పుడు వినలేదు, తియ్యడం మాత్రం చూశాను. అంతే, గొంతెత్తి అరుచుకుంటూ నా మీదికే వచ్చింది. అంతమంది ఉన్నారు, ఇంకెవరి దగ్గరికీ పోలేదు. సూటిగా నా దగ్గరికే. నేను పేరు పెట్టి పిలవాల్సింది. పిలుద్దామనే వచ్చినవాణ్ణి. నోట్లోంచి మాట రాకముందే చెయ్యి పని చేసేసింది."

"ఎలా అరిచింది?"

"అదేంటండీ?"

"ఎలా అరిచిందయ్యా? తెగతెగ మొరిగిందా, సాగదీసి అరిచిందా?"

డెల్టన్ కళ్ళు దించుకున్నాడు. "సాగదీసి."

"జింక దొరికినప్పటి అరుపు," అన్నాడు వెండెల్.

"అవునండి. తర్వాత తెలిసింది."

"తోక?"

"నాన్నా, చాలు," అంది నెడ్రా.

"నువ్వుండు. తోక ఎలా ఉంది డెల్టన్?"

"ఊపుతోందండి. కింద పడ్డాక కూడా ఊపింది."  అంత మనిషీ అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ముసుగు తీసి పక్కన కూర్చున్నాను. నా చెయ్యి వాసన చూసింది."

ముసుగు ఉన్నా హ్యాటీ అతన్ని గుర్తుపట్టింది, ముసుగు లేని హ్యాటీని అతను గుర్తుపట్టలేదు. ఇంతకంటే నేనేం చెప్పను?

వెండెల్‌కి ఒక పద్ధతుండేది. తప్పిపోయిన జింకని హ్యాటీ వెతికిపెడితే ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు. కానీ జింకని చీరగానే మొదటి కార్జం ముక్క ఆ వేటగాడే, చేతికి తొడుగు లేకుండా, తన చేత్తో దానికి పెట్టాలి. "నీ కోసం బురదలో పడి తిరిగింది, నీ చేత్తోనే తినాలి," అనేవాడు. అలా తిన్న చెయ్యిని హ్యాటీ జన్మలో మర్చిపోయేది కాదు. డెల్టన్ జింకని రెండేళ్ళ కిందట వెతికిపెట్టింది. అప్పట్నుంచీ అతను పెట్రోలు బంకులో కనిపించినా సరే, ట్రక్కులోంచి మెడ చాపి గోల చేసేది.

"పద్ధతి నాది," అన్నాడు వెండెల్ మెల్లిగా. "నీ చేత్తో పెట్టమన్నది నేనే. నిన్నెరక్కపోతే నీ దగ్గరికి వచ్చేది కాదు, ఏ మూలో నక్కేది."

"అలా అనకండి. మీరేం తప్పు చేశారండీ? పేల్చింది నేను."

"నువ్వే పేల్చావు. కాదంటున్నానా?" ముసలాయన గొంతు మొదటిసారి గట్టిపడింది. "ఏడుస్తున్నావు కదా అని నిన్నొదిలెయ్యను. నా కుక్కని చంపావు, ఆ తర్వాత దాన్ని కరిచే కుక్కన్నావు, నన్ను మతిలేనివాణ్ణి చేశావు. ఇందులో నేను దేన్నీ మర్చిపోను. నాకు మర్చిపోయే జబ్బు లేదని ఇప్పుడే తెలిసింది."

నెడ్రాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె లోపలికి వెళ్ళి తన సంచీలోంచి ట్రక్కు తాళాలు తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. పార పట్టుకుని తను అన్న మాట ఆమె చెవుల్లోనే గింగురుమంటోంది.

"నాన్నా, ఆ రోజు నేనలా అనకుండా ఉండాల్సింది. నిన్ను నమ్మకుండా ఆ టీవీవాణ్ణి నమ్మాను."

"పోనీలేవే. నేను మాత్రం నన్ను నమ్ముకున్నానా?" తాళాలు చొక్కా జేబులో వేసుకుని పైనుంచి ఒకసారి తట్టుకున్నాడు. "ఆ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పు, రానని. ఇంటికి తలుపు కొనాలి, పోదాం."

సెప్టెంబరు తర్వాత ఆయన ముఖం అలా వెలగడం ఇదే. వయసు పదేళ్ళు తగ్గినట్టు కనిపించాడు. నెడ్రా ఆ ముఖం చూసి మనసులో దేవుడికి దండం పెట్టుకుంది.

చూస్తున్నారు కదా, బాధ పంచుకోవడానికి ఈ వరండాలో ముగ్గురు చేరారు. హెలికాప్టర్లో కూర్చుని గోగుని గంజాయన్న పెద్దమనిషి ఆ వేళ క్లబ్బులో భోంచేస్తున్నాడని నాకు నమ్మకంగా తెలుసు. ఆయనకి ఆకలి బాగానే వేసింది.

"ఎల్లుండి మంగళవారం కౌంటీ పెద్దల సభ ఉంది," అన్నాడు వెండెల్. "ఊరంతా వస్తుంది. ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ నించుని చెప్తావా?"

డెల్టన్ ట్రక్కు మీదున్న పళ్ళెం వైపు చూశాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. ఈ ఉద్యోగం తప్ప ఇంకోటి చెయ్యడం అతనికి రాదు. 

"చెప్తే నన్ను ఉంచరండి."

"ఉంచరు."

"చెప్తాను." నిట్టూర్చి తల ఎత్తాడు. "కానీ చెప్తే మొత్తం చెప్పాలండి. సగం చెప్పి సగం మింగడం ఇంక నావల్ల కాదు. ఒక ప్రశ్న ఎలాగూ అడుగుతారు. అంత బాగా తెలిసిన కుక్కయితే తుపాకీ పట్టుకుని ఎందుకెళ్ళావని."

"అడుగుతారు మరి. నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను."

"నేను తాడు కర్రే అడిగానండి. మెడకి తాడేసి పట్టుకునే కర్ర. హ్యాటీ సాధుదని చెప్పాను. మావాళ్ళు ఒప్పుకోలేదు. వెళ్ళే ముందు ఇంటి కుక్క ఎలాంటిదో ఆరా తీస్తారు. ముందురోజు మధ్యాహ్నం మా ఆఫీసు నుంచి ఈ ఇంటికే ఫోన్ చేశారు, పోలీసులమని చెప్పకుండా. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టేవాళ్ళం, రేపు వస్తాం, కుక్కేమైనా ఉందా అని అడిగారు. ఫోనెత్తినవాళ్ళు, 'ఉంది, మహా పొగరుబోతుది, పోయినేడు ఒకడి పిక్క చీల్చింది, గేటు దాటి అడుగు పెట్టారో మీ ఇష్టం,' అన్నారట. ఇంటివాళ్ళే అలా చెప్పాక కర్ర పట్టుకుని ఎలా పోతావన్నారు. తుపాకీ చేతిలో పెట్టారు."

"హ్యాటీనా?" వెండెల్ తెల్లబోయాడు. "పిక్క చీల్చిందా? అది పిల్లిని చూసి జడుసుకునేది కదయ్యా. ఎవరన్నారామాట?"

"పేరు చెప్పలేదండి. ఇంట్లో మనిషి అన్నారు, అంతే."

నెడ్రాకి ఆ ఫోను గుర్తొచ్చింది. కొమ్మలు కొట్టేవాళ్ళు ఏడాది కిందట వచ్చి, అమ్మ నాటిన కెమీలియా పూలచెట్టుని మొదలంటా నరికేసి పోయారు. ఆ రోజు అమ్మ మళ్ళీ చచ్చిపోయినట్టు ఏడ్చింది తను. సెప్టెంబరులో ఆ మధ్యాహ్నం, రాత్రి డ్యూటీ నిద్రలోంచి లేచి వచ్చి, ఆగకుండా మోగుతున్న ఫోన్ ఎత్తింది. కొమ్మలనగానే ఒళ్ళు మండింది. వాళ్ళు రాకుండా భయపెట్టాలని కుక్క మీద నోటికొచ్చింది చెప్పి పెట్టేసి, మళ్ళీ వెళ్ళి పడుకుంది. తండ్రి అప్పుడు చెలకలో ఉన్నాడు. 

కుర్చీ ఊగడం ఆగిపోయింది. వెండెల్ వేళ్ళతో నుదురు రాసుకుంటున్నాడు.

"మధ్యాహ్నం పూట నువ్వు నిద్రపోతావు కదే," అన్నాడు కూతురితో. "ఫోన్ ఎత్తేది నేనే. నేనే అనుండాలి." ఒక్కొక్క మాటా వెతుక్కుంటున్నాడు. "కొమ్మలవాళ్ళు... కుక్కుందా అని... నాకేమీ గుర్తు రావట్లేదే."

"మీరే అయ్యుండక్కర్లేదండి," అన్నాడు డెల్టన్.

"ఇంకెవరుంటారయ్యా ఈ ఇంట్లో?" ఇందాకటి వెలుగు ఆయన ముఖంలోంచి నెమ్మదిగా దిగిపోతోంది. "గడియ గుర్తుంది. ఇంత మాట అని, అది మాత్రం మర్చిపోయానా? నా నోటితో నేనే దాని మీద అంత అబద్ధం చెప్పానా?" తడబడుతూ కూతురివైపు తిరిగాడు. "అమ్మా నెడ్రా, నువ్వు నిజం చెప్పు. నేను బాధపడతానని దాచకు. నా బుర్ర పోయినట్టేనా?"